మందు ఇచ్చినా పాపమే, ఇవ్వకపోయినా పాపమేనా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది గుంటూరు దగ్గర పల్లె. ఫార్మ్‌డీ చేసి, కెనడా వచ్చి, ఇక్కడి పరీక్షలన్నీ రాసి, ఏడాదిన్నరగా ఉత్తర ఒంటారియోలో ఒక చిన్న పట్టణంలో మందుల షాపులో ఫార్మసిస్టుగా చేస్తున్నాను. రోడ్డు లేని రిజర్వులకి (మూలవాసులకి కేటాయించిన ఊళ్ళకి) మా షాపు నుంచే విమానంలో మందులు వెళ్తాయి. కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మందికి పైగా ఫస్ట్ నేషన్స్ వాళ్ళే, అంటే ఇక్కడి మూలవాసులే.

చేరిన రోజే మా సీనియర్ ఒక మాట చెప్పారు: "నొప్పి మాత్రల దగ్గర వీళ్ళతో మెత్తబడకు. అది వాళ్ళ రక్తంలోనే ఉంది." పోయిన నెల ఒక శుక్రవారం సాయంత్రం, అరవై దాటిన ఒకాయన హైడ్రోమార్ఫోన్ అనే బలమైన నొప్పి మాత్రల కోసం వచ్చారు. గడువుకి ఇంకా మూడు రోజులుంది. రేపు ఊరెళ్తున్నాను, అన్నయ్య పోయాడు అన్నారు. నాకు అనుమానం వచ్చింది. సోమవారం రమ్మన్నాను. ఆయన ఒక్క మాటా అనలేదు, తల ఊపి వెళ్ళిపోయారు. పది రోజుల తర్వాత వాళ్ళమ్మాయి వచ్చింది. అక్కడ మాత్రలు అయిపోయి వాంతులు, విరేచనాలు, కంటి మీద కునుకు లేదట. అన్నగారి దగ్గర కూర్చోలేకపోయారట. "డాక్టరుకి ఒక్క ఫోన్ చేసి ఉండొచ్చు కదా" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

పోయిన ఏడాది మా షాపుకి వచ్చే ఇరవై రెండేళ్ళ కుర్రాడు ఓవర్‌డోసుతో పోయాడు. ఇస్తే అలా, ఇవ్వకపోతే ఇలా. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మావారు టొరొంటో దగ్గరి బ్రాంప్టన్ వెళ్ళిపోదాం అంటున్నారు. నేను చేసింది తప్పా? అసలు వీళ్ళకే ఎందుకిలా?

జవాబు: అమ్మా, తప్పే. ముందు ఆ మాట అనేసుకుంటే మిగతాది నింపాదిగా మాట్లాడుకోవచ్చు.

మూడు రోజుల ముందు నార్కోటిక్ (ఇలాంటి మత్తు కలిగించే నొప్పి మందు) అడిగితే ఆగి చూడటం మీ పని. అందులో తప్పు లేదు. ఆగాక చెయ్యాల్సిన రెండో పని చెయ్యలేదు. ఆ అమ్మాయి చెప్పింది కూడా అదే. మీ చదువుకి, నా చదువుకి అందని మాటేమీ కాదది: ఒక ఫోన్. ఎందుకు చెయ్యలేదో మీరే ఆలోచించండి. అదే శుక్రవారం, అదే మూడు రోజుల ముందు, హాకీలో మోకాలు విరగ్గొట్టుకున్న బ్యాంకు మేనేజరు వచ్చి "రేపు అన్నయ్య అంత్యక్రియలు" అని ఉంటే మీ చెయ్యి దానంతట అదే ఫోను మీదికి వెళ్ళేది.

మిమ్మల్ని బోనులో నిలబెట్టడానికి ఇది రాయడం లేదు. నేనూ ఆ బోను ఎక్కినదాన్నే. కెనడాలో పనిచేసిన రోజుల్లో ఒకావిడకి మూత్ర పరీక్షలో రాయని మందేదో కనపడిందని, ఆ పూటే మాత్రలు ఆపేశాను. నియమం అలాగే ఉంది, నేను నియమం పాటించాను. రెండు వారాల్లో ఆవిడ వీధిలో కొనడం మొదలుపెట్టింది. ఇప్పటికీ బతికే ఉంది. అందులో నా ప్రమేయం ఏమీ లేదు.

ఇక "రక్తంలో ఉంది" అన్న మాట. మన ఏజెన్సీ ప్రాంతాల్లో పనిచేసి వచ్చిన డాక్టర్ల నోట "వాళ్ళు తాగుతారండీ" అన్నది ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఆ మాట అన్నాక ఇంక రోగిని అడగాల్సింది ఏమీ మిగలదు, అదే దానిలోని సుఖం. మీ సీనియర్ మాటా ఆ కోవలోదే. ఈ జబ్బు వాళ్ళ రక్తంలోంచి రాలేదు. పెట్టెల్లో సర్దుకుని, లేబుల్ అంటించుకుని, డాక్టరు సంతకంతో వచ్చింది.

ఆక్సీకాంటిన్ అనే నొప్పి మాత్ర 1996లో అమ్మకానికి వచ్చింది. లోపల ఉన్నది ఆక్సీకోడోన్, నల్లమందు వంశానిదే. పన్నెండు గంటల పాటు నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి అలవాటయ్యే ప్రమాదం తక్కువని డాక్టర్లకి నూరిపోశారు. మాత్రని నలిపితే పన్నెండు గంటల మందు ఒక్కసారే ఒంట్లోకి వెళ్తుందని జనం కనిపెట్టడానికి ఎంతో కాలం పట్టలేదు. మోసపు ప్రచారం చేశామని, ఆ మాత్ర తయారుచేసిన పర్డ్యూకి అనుబంధ కంపెనీ 2007లో అమెరికా కోర్టులో నేరం ఒప్పుకుంది. 60 కోట్ల డాలర్లకు పైగా కట్టింది. అప్పటికే మాత్ర రోడ్డు లేని ఊళ్ళకి కూడా చేరిపోయింది.

మీ షాపు నుంచి మందులు వెళ్ళే ఊరిని ఒక్కసారి ఊహించుకోండి. డాక్టరు నెలలో కొన్ని రోజులు విమానంలో వచ్చి పోతాడు. మిగతా రోజులు నర్సింగ్ స్టేషన్. నడుం పట్టేస్తే ఫిజియోథెరపీ లేదు, పన్ను పీకించుకోవాలంటే విమానం, ఎక్స్‌రే తీయించుకోవాలంటే విమానం. మాత్రకి మాత్రం ఫెడరల్ ప్రభుత్వపు ఆరోగ్య పథకం డబ్బు కట్టేది. నొప్పికి ఉన్న వైద్యాలన్నిటిలోకి తేలిగ్గా అక్కడికి చేరగలిగింది చిన్న సీసా ఒక్కటే. ఒంటారియోలో నెస్కంటాగా అనే ఊళ్ళో 1995లో "నీళ్ళు కాచుకునే తాగండి" అని హెచ్చరిక పెట్టారు. పాతికేళ్ళు దాటినా అది తీరలేదు. మంచినీళ్ళు దారి కనుక్కోలేని చోటికి మాత్రలు దారి తప్పకుండా వెళ్ళాయి.

పైగా ఆ ఇళ్ళలో మాత్ర కన్నా పాత నొప్పి ఒకటుంది. లక్షన్నర మంది మూలవాసుల పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి తీసుకెళ్ళి రెసిడెన్షియల్ స్కూళ్ళలో పెట్టారు. సొంత భాష మాట్లాడితే కొట్టారు. ఆ బడుల్లో చివరివి మూతపడింది 1990లలోనే. అంటే మీ కౌంటర్ ముందు నిలబడ్డ అరవై దాటిన మనిషి ఆ తరం వాడే. అలాగని ఎదురుపడ్డ ప్రతి మనిషినీ ఆ బడి బాధితుడిగా చూడకండి, అదీ ఒక రకం చిన్నచూపే. ఆయన నడుం నొప్పి ఏళ్ళ తరబడి చెట్లు కొట్టడం వల్ల వచ్చిన మామూలు నడుం నొప్పే అయ్యుండొచ్చు. అడిగితే చెప్తారు.

ఉత్తర ఒంటారియోలో 49 ఫస్ట్ నేషన్స్ కలిసిన నిష్నాబీ అస్కి నేషన్ ఉంది కదా, దాని పెద్దలు 2009లోనే ఈ మాత్రల వ్యసనాన్ని అత్యవసర పరిస్థితిగా ప్రకటించారు. క్యాట్ లేక్ అనే ఊరు 2012 జనవరిలో తన మటుకు తాను మళ్ళీ ప్రకటించింది. అప్పుడు ప్రభుత్వం మేలుకుని ఏం చేసిందో చూడండి. అదే ఏడాది పాత ఆక్సీకాంటిన్ బజారు నుంచి పోయింది, ఆరోగ్య పథకం జాబితాలోంచీ తీసేశారు. వేల మంది ఒంట్లో అలవాటు అలాగే ఉంది, మాత్ర మాత్రం లేదు, బదులు వైద్యం చాలినంత లేదు. ఇలా ఒక్కసారి ఆపితే ఊళ్ళకి ఊళ్ళు విత్‌డ్రాయల్‌లో (మందు ఆగినప్పటి బాధల్లో) పడతాయని ఆ పెద్దలు ముందే చెప్పారు. ఆ ఖాళీలోకి వేరే మాత్రలు, ఒంటికి అంటించే ప్యాచులు, ఆ తర్వాత వీధిలో అమ్మే ఫెంటానిల్ అనే ఇంకా బలమైన మత్తుమందు వచ్చాయి. మీరు ఆ శుక్రవారం ఒక మనిషికి చేసింది, 2012లో ఆ ఊళ్ళన్నిటికీ జరిగింది. ఆపడం వైద్యం అనుకోవడమే రెండు చోట్లా జరిగిన పొరపాటు.

తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఇందులో మన కౌంటర్ పిడికెడూ ఉంది. అమెరికాలో చెరోకీ నేషన్ 2017లో దావా వేసినప్పుడు మందుల పంపిణీ కంపెనీల మీదే కాదు, పెద్ద ఫార్మసీ చెయిన్ల మీదా వేసింది. 2022లో జాన్సన్ అండ్ జాన్సన్, మూడు పంపిణీ కంపెనీలు కలిసి అక్కడి 574 తెగల కోసం 59 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. మీ సీనియర్ భయానికి మూలం ఇలాంటి కేసుల్లోనే ఉంది. కానీ చూశారా, ఆ తెగలు మొత్తుకున్నది కుప్పలు తెప్పలుగా పంపుతుంటే ఎవరూ లెక్క అడగలేదని. కౌంటర్ దగ్గర నిలబడ్డ ముసలాయన ముఖం చూసి అనుమానించలేదని కాదు.

అనుమానం రోగి భద్రత కోసమే అనుకుంటాం. 2020 సెప్టెంబరులో క్యుబెక్‌లో జాయిస్ ఎచాక్వాన్ అనే అటికమెక్ మహిళ కడుపు నొప్పితో ఆసుపత్రిలో చేరింది. ఏడుగురు పిల్లల తల్లి. ఆమెది మత్తుమందు మానినప్పటి బాధ అని సిబ్బంది అనుకున్నారు. మంచం మీదే ఉన్న ఆమెని తిడుతుంటే ఆమె తన ఫోన్‌లో అది లైవ్ పెట్టింది. అదే రోజు చనిపోయింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరి పోయిందనీ, జాతి వివక్ష ఆ చావులో పాలు పంచుకుందనీ కరోనర్ (చావుకి కారణం విచారించే అధికారి) తేల్చింది. మీ కౌంటర్ దగ్గరికి వచ్చే ప్రతి ఫస్ట్ నేషన్స్ మనిషికీ ఈ పేరు తెలుసు. ఆయన మీతో వాదించకుండా తల ఊపి వెళ్ళిపోవడానికి కారణం ఇప్పుడు అర్థమై ఉండాలి. గొంతు పెంచితే ఏమవుతుందో ఆయనకి ముందే తెలుసు.

ఇక్కడ మన సంగతి కూడా ఒకటి చెప్పాలి. మీరూ నేనూ వచ్చిన చోట సమస్య తలకిందులుగా ఉండేది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుమందుల నియంత్రణ చట్టం) కాగితాలకి భయపడి, కాన్సర్‌తో అరిచే మనిషికి కూడా చాలా ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచేవి కావు. 2014లో చట్టం కొంత సడలించాకే ఊపిరి తీసుకున్నాం. ఆ వాతావరణంలో చదువుకున్న మన చేతికి ఈ మందులంటేనే వణుకు. దాని మీద మీ సీనియర్ మాట పడింది. రెండు భయాలూ కలిస్తే ఫోన్ ఎక్కడ గుర్తొస్తుంది?

మాటల్లో ఒక తేడా పట్టుకోండి. నెలల తరబడి రోజూ ఈ మాత్రలు వేసుకుంటే మీకైనా, నాకైనా, మీ సీనియర్‌కైనా ఒళ్ళు అలవాటు పడుతుంది. టక్కున ఆపితే ఆవులింతలు, ముక్కు కారడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, వాంతులు, విరేచనాలు. అది శరీరధర్మం. వ్యసనం వేరు. హాని కళ్ళ ముందు కనపడుతున్నా మానలేకపోవడం, దాని చుట్టూ బతుకంతా తిరగడం. ఆ శుక్రవారం వచ్చిన పెద్దాయన పడింది మొదటిది. వ్యసనం ఉన్నా సరే, తీర్పు మీరు చెప్పనక్కర్లేదు. దానికి మంచి మందుంది, అది మీ అలమరలోనే ఉంది.

బ్యుప్రెనార్ఫిన్-నలోక్సోన్. ఆ మాత్ర సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. నాలుక కింద పెట్టుకుంటే కోరిక, విత్‌డ్రాయల్ రెండూ అణిగి, ఒక స్థాయి దాటాక ఊపిరిని ఇంక అణచదు. నేను చెప్పాలనుకున్నది నార్త్ కారిబూ లేక్ అనే చిన్న ఊరి సంగతి. ఇది మీ విమానాలు వెళ్ళే దిక్కే. ఊళ్ళో పెద్దవాళ్ళలో 41 శాతం, అంటే 140 మంది, వాళ్ళంతట వాళ్ళే వచ్చి ఈ వైద్యంలో చేరారు. ఊరు తన పద్ధతిలో తాను నడుపుకున్న కార్యక్రమమది. మందుతో పాటు వాళ్ళ సంప్రదాయపు ఆసరా కూడా ఉంది. ఏడాది తిరిగేసరికి పోలీసు కేసులు 61 శాతం తగ్గాయి. పిల్లల సంరక్షణ శాఖ కేసులు 58 శాతం తగ్గాయి. బడి హాజరు మూడో వంతు పెరిగింది. ఈ లెక్కలు 2015లో ‘కెనడియన్ ఫ్యామిలీ ఫిజీషియన్’ అనే వైద్య పత్రికలో వచ్చాయి. వాటన్నిట్లోకి నాకు నచ్చింది చిల్లరకొట్టు లెక్క: ఊరి కొట్లో అమ్మకాలు దాదాపు 20 శాతం పెరిగాయట. మాత్రలకి పోయే డబ్బు బియ్యానికో పాలకో పిల్లల జోళ్ళకో వెళ్ళిందన్నమాట.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మీదికి వెళ్ళినప్పుడు ఆ పోరాటాన్ని వాళ్ళే నడుపుకున్నారు. నార్త్ కారిబూ లేక్ లెక్కలు చూసినప్పుడల్లా నాకు నెల్లూరే గుర్తొస్తుంది. మీ పని వాళ్ళని బాగుచెయ్యడం కాదు. వాళ్ళు నడుపుకునే దానికి మందు వేళకి అందించడం.

వేళకి అంటే నిజంగానే వేళకి. మంచు తుఫాను వస్తుందని వాతావరణ సూచన చెప్పగానే పెట్టెలు రెండు రోజులు ముందే ఎక్కించండి. మూడు రోజులు మెథడోన్ (వ్యసనానికి రోజూ ఇచ్చే ఇంకో మందు) తప్పిపోతే అదే డోసు మళ్ళీ ఇవ్వకూడదని మీకు తెలుసు. ఒంటి ఓర్పు తగ్గిపోయి ఉంటుంది, పాత డోసే ప్రాణం తీస్తుంది. ఆ మూడు రోజులు రన్‌వే మీద మంచు వల్ల పోయాయా, మనిషి రాక పోయాయా అన్నది ఒంటికి పట్టదు. ఇక అనుమానం వస్తే ముఖం చూడకండి, తెర చూడండి. ఒంటారియోలో నార్కోటిక్‌లన్నీ కంప్యూటర్లో నమోదవుతాయి, పలువురు డాక్టర్ల దగ్గర తీసుకుంటే హెచ్చరిక వస్తుంది. తెర శుభ్రంగా ఉంటే మీ అనుమానానికి ఆధారం ఏమిటో మిమ్మల్ని మీరే అడగండి. ఇలాంటి చీటీల్ని ఫార్మసిస్టు పొడిగించేందుకు 2020 నుంచి హెల్త్ కెనడా కొంత వీలు ఇచ్చింది. మీ కాలేజీ (ఫార్మసిస్టులకి లైసెన్సు ఇచ్చే సంస్థ) నియమాల్లో దాని హద్దులు చూసి పెట్టుకుంటే శుక్రవారం సాయంత్రం డాక్టరు దొరకనప్పుడు పనికొస్తుంది.

ఓవర్‌డోసుకి విరుగుడు అయిన నలోక్సోన్ సంగతి. మీ దగ్గర ఉచితంగా ఇచ్చే కిట్లు ఉంటాయి, 2016 నుంచి ఒంటారియో ఫార్మసీల్లో ఇస్తున్నారు. "మీకు ఓవర్‌డోసు కావచ్చు" అంటూ ఇస్తే ఎవరూ తీసుకోరు, నేనైనా తీసుకోను. "ఇంట్లో పెద్ద మాత్రలున్నాయి కదా, మనవలెవరైనా నోట్లో వేసుకుంటే పనికొస్తుంది" అని చెప్పి చూడండి. అబద్ధం కాదు, అవమానమూ కాదు. అది ముక్కులో కొట్టాక మనిషి లేచి కూర్చున్నా వదిలెయ్యొద్దని, అరగంట నుంచి గంటన్నర లోపు మందు దిగిపోయి మళ్ళీ ఊపిరి ఆగొచ్చని, సాయం కోసం ఫోన్ చెయ్యమని తప్పకుండా చెప్పండి. ఫోన్ చేస్తే పోలీసులు పట్టుకుంటారని కుర్రాళ్ళకి భయం. 2017లో వచ్చిన చట్టం ప్రకారం ఓవర్‌డోసుకి సాయం పిలిచిన వాళ్ళ మీద దగ్గర మత్తుమందు ఉందన్న కేసు పెట్టరు. ఈ ఒక్క ముక్క మీరు చెప్తే ఒక చావు తప్పొచ్చు.

మీరు రాసిన ఆ ఇరవై రెండేళ్ళ కుర్రాడి గురించి. ఆ చావునీ మీ కౌంటర్ మీది సీసానీ ముడిపెట్టకండి. ఇప్పుడు కెనడాలో ప్రాణాలు తీస్తున్నది ఎక్కువగా వీధిలో దొరికే ఫెంటానిల్. బ్రిటిష్ కొలంబియాలో 2023లో మిగతా జనంతో పోలిస్తే ఫస్ట్ నేషన్స్ వాళ్ళు ఇలాంటి విషపు వీధి మత్తుమందులకి సుమారు ఆరు రెట్లు ఎక్కువ బలయ్యారు. కౌంటర్ దగ్గర చీటీ తిరగ్గొట్టినంత మాత్రాన ఆ లెక్క తగ్గదు. తిరిగి వెళ్ళిన మనిషికి ఊళ్ళో తెరిచి ఉన్న కొట్టు అదొక్కటే అయితే పెరుగుతుంది కూడా.

బ్రాంప్టన్ సంగతి మీ ఇంటి సంగతి. అక్కడ బతుకు తేలిక, గుడి ఉంది, గోంగూర దొరుకుతుంది, నేను కాదనను. ఈ ఒక్క సంఘటన నుంచి పారిపోవడానికి మాత్రం వెళ్ళకండి. ఇలాంటి ఊళ్ళలో డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు ఏడాదికో రెండేళ్ళకో మారిపోతుంటారు. వచ్చిన ప్రతి కొత్త మనిషీ రోగిని మళ్ళీ మొదటి నుంచి అనుమానించడం మొదలుపెడతాడు. ఇంకో రెండేళ్ళుంటే మీరు వాళ్ళకి తెలిసిన ముఖం అవుతారు. నాకలా మూడేళ్ళు పట్టింది. ఒకాయన నన్ను చూసి "మీరు కూడా ఇండియనే కదా, కాకపోతే కొలంబస్ వెతికిన రకం" అని నవ్వాడు. ఆ దేశంలో వాళ్ళని పాలించే 1876 నాటి చట్టం పేరు ఇప్పటికీ ఇండియన్ యాక్టే మరి. ఆయన జోకు వేశాడంటే నన్ను క్షమించాడనుకున్నాను.

ఇంతకీ ఇప్పుడు చెయ్యాల్సింది. ఆ అమ్మాయి నంబరు ఫైల్లో ఉంటుంది. ఫోన్ చేసి, నాన్నగారు ఎలా ఉన్నారని అడగండి. ఆయన ఈసారి వచ్చినప్పుడు కౌంటర్ దగ్గర పదిమంది ముందు కాకుండా లోపలి గదిలోకి పిలిచి కూర్చోబెట్టండి. "ఆ రోజు మీ డాక్టరుకి ఫోన్ చెయ్యాల్సింది, చెయ్యలేదు, నాదే తప్పు. మీ అన్నయ్య పోయినందుకు బాధగా ఉంది" అనండి. ఇంకో ముక్క ఎక్కువొద్దు. నియమాలు వివరించొద్దు, ఏడవొద్దు, మీ ఏడుపు ఓదార్చే పని కూడా ఆయన మీద పడుతుంది. ఆయన ఏమీ మాట్లాడకపోవచ్చు. అక్కడ మౌనంగా కూర్చోవడం మర్యాదే, కంగారుపడి మాటలతో నింపకండి. తర్వాత నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, రాత్రి నిద్ర పడుతోందా అని అడిగి, ఫైల్లో రాసి పెట్టండి. ఊరెళ్ళే పని మళ్ళీ ఎప్పుడుందో కూడా అడగండి. ఆ తేదీకి నాలుగు రోజుల ముందు డాక్టరుకి ఫోన్ చెయ్యాలని మీ క్యాలెండర్‌లో, ఆయన ఎదురుగానే, గుర్తు పెట్టుకోండి.